డారెట్ కొన్న సవరాల షాపు

మిసెస్ మిన్ షాపు అమ్మేస్తోందన్న కబురు చర్చ్ అవెన్యూలో అందరికీ తెలిశాక, ఆఖరున తెలిసింది డారెట్ క్లూనీకి. పదకొండేళ్ళుగా పొద్దున్నే ఆ షట్టరు ఎత్తేదీ, సాయంత్రం దించేదీ ఆవిడే. అయినా ఆ కబురు ఆవిడ చెవిన వేసింది బస్సు కోసం నిలబడ్డ ఐసిల్డా.

"మీ కొరియా ఆవిడ న్యూజెర్సీ వెళ్ళిపోతోందటగా. నీకు చెప్పలేదేంటే?" అంది ఐసిల్డా. "చెప్పదులే. షాపు అమ్మేటప్పుడు కుర్చీలకీ బల్లలకీ ఎవరు చెప్తారు?"

ఐసిల్డా, డారెట్ జమైకాలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ఒకరి తరువాత ఒకరు బ్రూక్లిన్ చేరారు. ఐసిల్డా ముసలివాళ్ళ ఆశ్రమంలో ఒళ్ళు తుడిచే పనికి కుదిరింది, డారెట్ ఈ సవరాల షాపులో కుదిరింది. ఐసిల్డా నోటికి జడిసి బస్సు డ్రైవర్లు కూడా ఆవిడ ఎక్కేదాకా తలుపు మూయరు. కానీ కష్టమొస్తే డారెట్ వెళ్ళేది ఆ నోటి దగ్గరికే.

చెప్పొద్దూ, ఆ వీధి తీరే వేరు. విగ్గులు, సవరాలు, జడల్లో కలిపి అల్లుకునే జుట్టు, నూనెలు అమ్మే షాపులు నాలుగున్నాయి. కొనేవాళ్ళంతా జమైకా, ట్రినిడాడ్, హైతీ ఆడవాళ్ళు. అమ్మేవాళ్ళు నలుగురూ కొరియా వాళ్ళు. ఇదేం చోద్యమని అడిగే ఓపిక కూడా ఎవరికీ మిగల్లేదు. పెళ్ళికి జడ కావాలంటే కొరియా వాడి దగ్గరికి వెళ్ళాలి, అంతే.

ఆ మధ్యాహ్నం వెనక గదిలో అన్నాల దగ్గర డారెట్ సూటిగా అడిగేసింది. మిసెస్ మిన్ ఎప్పటిలాగే నాచు ఆకులో చుట్టిన అన్నం ముక్కలు రెండు డారెట్ గిన్నె మూతలో పెట్టింది. డారెట్ వేయించిన అరటిపండు ముక్కలు ఆవిడ వైపు జరిపింది.

"షాపు అమ్మేస్తున్నారటగా?"

"అమ్మాలి," అంది మిసెస్ మిన్. "ఈ షాపు మా ఆయన్ని తినేసింది. నన్ను కూడా తినేదాకా కూర్చోనా? మా అమ్మాయి పళ్ళ డాక్టరైంది, వచ్చి పిల్లాణ్ణి చూసుకో అంటోంది."

"బేరం కుదిరిందా?"

"ఎవరూ రావడం లేదు. ఇదివరకు మావాళ్ళు నేనంటే నేనని పోటీ పడేవాళ్ళు. ఇప్పుడు అందరి పిల్లలూ డాక్టర్లు, లాయర్లు. విగ్గులు అమ్ముకోవడానికి ఈ వీధికి ఎవడొస్తాడు?"

"నేను కొంటాను," అంది డారెట్.

మిసెస్ మిన్ నవ్వలేదు. అందుకు ఆవిడను మెచ్చుకోవాలి. అన్నం తినే పుల్లలు చేతిలోంచి కింద పెట్టింది. "నీకు అంత డబ్బెక్కడిది?"

"మా చీటీ ఉందిగా."

చీటీ సంగతి ఇద్దరికీ పాత ముచ్చటే. డారెట్ చేరిన కొత్తలో ఒకనాడు మిసెస్ మిన్ ఫోన్లో ఎవరిమీదో కేకలేసి వచ్చి, ఉడుకుమోత్తనం ఆపుకోలేక చెప్పేసింది. తెలిసిన ఆడవాళ్ళు కొందరు కలిసి నెలనెలా తలా ఇంత వేస్తారట, పోగైనదంతా వంతులవారీగా ఒక్కొక్కరు ఎత్తుకుంటారట, ఎత్తుకున్న మనిషి ఒకతి ఇప్పుడు కట్టనని మొరాయిస్తోందట. "దాన్ని మేం పార్ట్‌నర్ అంటాం," అంది డారెట్ తెల్లబోయి. "మేం 'కే' అంటాం," అంది మిసెస్ మిన్. కాగితం, సంతకం ఏమీ లేకుండా నోటిమాట మీద, ముఖం మీద నడిచే చీటీ. సియోల్లో వాళ్ళమ్మ వేసేది, జమైకా సాంటా క్రూజ్‌లో వీళ్ళమ్మ వేసేది. ఆ రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. అప్పటినుంచి డారెట్‌కి ఆవిడ పరాయిదనిపించలేదు. మన డారెట్ చేసిన పొరపాటల్లా అదే. చీటీ ఒకలాంటిదే గాని అందులో కూర్చున్న మనుషులు ఒకలాంటి వాళ్ళు కారు, అది ఆవిడకు అప్పట్లో తోచలేదు.

బేరం తెగింది. గుమ్మం, అరలు, ఉన్న సరుకు, లీజు, అన్నీ కలిపి. మిసెస్ మిన్ పైసా తగ్గలేదు, పైసా ఎక్కువా అడగలేదు. సరుకు ఆర్డర్లు మాత్రం ఇన్నేళ్ళూ ఆవిడే వెనక గది తలుపు దగ్గరగా వేసుకుని తన భాషలో ఫోను మీద ఇచ్చేది. ఆ ఫోను గురించి డారెట్ అడగలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చీటీ వాళ్ళంతా డారెట్ ఇంటికి వచ్చారు. ఆశ్రమాల్లో పనిచేసేవాళ్ళు, బడిలో వంట చేసే ఆవిడ, బస్సు నడిపే ఆవిడ, ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ. చీటీ పట్టుకునేది డారెట్టే గాని, ఆ విడత ఎత్తే వంతు ఐసిల్డాది. ఊళ్ళో కడుతున్న ఇంటికి పైకప్పు వేయించుకోవాలని ఆవిడ రెండేళ్ళుగా కాచుకుని ఉంది.

"మనవాళ్ళు చీటీ ఎత్తి ఏం చేస్తారు? ఇక్కడో ఇల్లు, ఊళ్ళో ఓ ఇల్లు," అంది ఐసిల్డా, ఎర్ర చిక్కుళ్ళన్నం పెట్టుకుంటూ. "వాళ్ళు చీటీ ఎత్తి షాపు పెడతారు. మనం మన ఇంట్లోంచి బయల్దేరి వాళ్ళ షాపుకి పోతాం. ఎక్కడో ఇండియాలో ఆడవాళ్ళు దేవుడికి మొక్కుకుని ఇచ్చిన జుట్టటది. అక్కణ్ణుంచి తిన్నగా మన నెత్తిమీదికి రాదు కదా, మధ్యలో కొరియా వాడి గల్లాపెట్టె మొక్కు కూడా తీరాలి."

అందరూ నవ్వారు. ఐసిల్డా నవ్వలేదు. "నా వంతు నువ్వెత్తుకోవే డారెట్. కప్పు లేకపోతే లేకపోయింది, ఆ ఇంట్లో తడిసేది మా మరిదే గదా. ఆ కౌంటరు వెనకాల మన మొహం ఒకటి చూడాలి నేను. నా జన్మకి అది చాలు."

మిగతావాళ్ళు కూడా వంతులు వెనక్కి జరుపుకుని, వరసగా వచ్చే విడతలు డారెట్‌కే వదిలేశారు. డారెట్ ఏడుస్తూనే అందరికీ అల్లం పానకం పోసింది. ఆ డబ్బు పోతే తన ఒక్కదాని డబ్బు కాదు, ఆ గదిలో ఉన్న ప్రతి మనిషి మోకాళ్ళ నొప్పి అందులో ఉంది. అది ఆవిడకు బాగా తెలుసు.

షాపు చేతికొచ్చింది. 'డారెట్స్' అని జమైకా జెండా రంగుల్లో, ఆకుపచ్చ, పసుపు, నలుపుల్లో బోర్డు కట్టించింది. పాస్టరు వచ్చి గుమ్మంలో ప్రార్థన చేశాడు. వీధిలో తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు వచ్చి అవసరం లేకపోయినా ఓ దువ్వెనో క్లిప్పో కొనుక్కుని వెళ్ళారు. ముసలావిడ ఒకామె కౌంటరు దగ్గర నిలబడి, డారెట్ చెయ్యి రెండు చేతులతో నొక్కి పట్టుకుని, వెళ్ళిపోయింది. ఆ నెలంతా డారెట్ నేలమీద నడవలేదంటే నమ్మండి.

తరువాత సరుకు తగ్గింది. జడలల్లే జుట్టు ముందు అయిపోయింది, ఎందుకంటే అందరికీ కావలసింది అదే. డారెట్ హోల్‌సేలు వాళ్ళకి ఫోను చేసింది. మిసెస్ మిన్ ఖాతా మూసేశామన్నారు ఒకరు. మేమే తిరిగి ఫోను చేస్తామన్నారు ఇంకొకరు, చేయలేదు. మూడో చోట అమ్మాయి ఎవరితోనో తన భాషలో మాట్లాడి, ఫోను పెట్టేసింది. ఫోన్లో కాదు, ముఖం చూసి మాట్లాడుకోవాల్సిన సంగతి ఇదనుకుని, డారెట్ చర్చి బట్టలు కట్టుకుని, బస్సు నడిపే ఆవిడ కారు అడిగి తీసుకుని వాళ్ళ గిడ్డంగికే వెళ్ళింది.

అక్కడి మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేసి, తాగమని చిన్న సీసాలో ఏదో తియ్యటి నీళ్ళు ఇచ్చాడు. డారెట్ వెనక గోడల నిండా, కప్పు దాకా, జుట్టు పెట్టెలే.

"మీ వీధిలో మాకు ఇప్పటికే షాపులున్నాయండీ," అన్నాడు. "పక్కనే ఇంకొకరికి ఇస్తే వాళ్ళు నొచ్చుకుంటారు."

"నేను ఇంకొకర్ని కాదు బాబూ. అదే షాపు, అదే గుమ్మం. మిసెస్ మిన్‌కి ఇస్తే నొచ్చుకోనివాళ్ళు నాకిస్తే ఎందుకు నొచ్చుకుంటారు?"

"మిసెస్ మిన్‌ది మా చర్చి," అన్నాడు అతను.

"నేనూ చర్చికి వెళ్తాను."

అతను నవ్వి, సీసా ఆవిడ వైపు ఇంకాస్త జరిపాడు.

"అరువు అడగడం లేదు. మొత్తం ఇక్కడే, ఇప్పుడే కడతాను," అంది డారెట్, సంచీ ఒళ్ళోకి తీసుకుని.

"అయ్యో, డబ్బు సంగతి కాదండీ," అన్నాడు అతను, నిజంగానే బాధపడుతున్నట్టు.

డబ్బు సంగతి కాదట. సముద్రాలు దాటి అందరూ ఇక్కడ చేరింది డబ్బు కోసం. జీవితంలో మొదటిసారి ఆవిడ చేతిలో డబ్బు పట్టుకుని నిలబడితే, ఆ రోజే అది డబ్బు సంగతి కాకుండా పోయింది. ఆ సీసా మూత కూడా తీయకుండా బల్ల మీద పెట్టేసి డారెట్ బయటికొచ్చింది.

"మన చర్చిలో దేవుడొక్కడే దొరుకుతాడే," అంది ఐసిల్డా, అంతా విని. "వాళ్ళ చర్చిలో దేవుడితో పాటు హోల్‌సేలు వాడు కూడా దొరుకుతాడు. మనం ఎంత గట్టిగా పాడినా ఏం లాభం?"

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని అరలు ఖాళీ అవుతున్నాయి. డారెట్ ఎక్కడెక్కడో చిల్లరగా కొనుక్కొచ్చి, కొన్న ధరకే అమ్మింది. ఆడవాళ్ళు లోపలికొచ్చి, కావలసిన రంగు లేదని తెలుసుకుని, మొహమాటంగా ఒక నూనె సీసా పట్టుకుని చూసి, పెట్టేసి, రెండు గుమ్మాల అవతలున్న కొరియా షాపుకి వెళ్ళేవాళ్ళు. "మనవాళ్ళ షాపులంటే ఇంతేనమ్మా, ఏదడిగినా లేదంటారు," అని ఒకామె తన కూతురితో అంటూ వెళ్ళడం డారెట్ చెవుల్తో విన్నది. సరుకివ్వనన్నవాడి మీద రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

చివరికి ఐసిల్డా కూడా ఒక సాయంత్రం ఆ అవతలి షాపు సంచీ చేత్తో పట్టుకుని ఎదురుపడింది. దాచుకోవాలని చూసింది గాని సంచీ పెద్దది.

"ఏం చేయమంటావే?" అంది ఐసిల్డా. "శనివారం మా మేనకోడలి పెళ్ళి. బోడి తల వేసుకుని పొమ్మంటావా?"

"నేనేమన్నా అన్నానా?"

"అనవు. చూస్తున్నావుగా, అది చాలు."

మర్నాడు డారెట్ షట్టరు ఎత్తలేదు. రెండు బస్సులు మారి న్యూజెర్సీ వెళ్ళింది. మిసెస్ మిన్ తలుపు తీసి, లోపలికి రమ్మంది. మనవణ్ణి తొట్టెలో వేసి, మర్యాద ప్రకారం బేరిపండు తెచ్చి తొక్క తీయడం మొదలుపెట్టింది.

"మీకు తెలుసు," అంది డారెట్.

మిసెస్ మిన్ చాకు ఆపలేదు. "తెలుసు."

"తెలిసీ నాకు అంటగట్టారు."

"నువ్వు అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. చెప్తే నువ్వు కొనేదానివి కాదు. నువ్వు కొనకపోతే ముప్పై ఏళ్ళ చాకిరీకి తాళం వేసుకుని వట్టి చేతులతో ఇక్కడికి రావాలి నేను. అల్లుడి ఇంట్లో వట్టి చేతులతో ఎలా కూర్చోను, నువ్వు చెప్పు."

"పదకొండేళ్ళు మీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను."

"తిన్నావు. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు," అంది మిసెస్ మిన్. "కానీ డబ్బు వెనక్కివ్వను. ఇవ్వలేను. అమ్మాయి వైద్యశాలలో పెట్టేశాను."

"ఒక్క ఫోను చేయండి. ఈవిడకి ఇవ్వండి అని ఒక్క మాట."

మిసెస్ మిన్ అప్పుడు చాకు కింద పెట్టింది. "మీరు వచ్చిన మర్నాడే ఉద్యోగాల్లో చేరారు డారెట్. మీకు ఇంగ్లీషు వచ్చు. మా ఆయన అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, ఇక్కడ నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. ఉద్యోగం ఇచ్చేవాడు లేక షాపు పెట్టుకున్నాం. ఆ షాపుకి అప్పిచ్చింది, సరుకిచ్చింది, ఆయన పడిపోతే ఆస్పత్రికి మోసింది, అందరూ మా 'కే' చీటీ వాళ్ళే. ఆ సరుకువాడి భార్యే మా 'కే' నడుపుతుంది. నేను వాళ్ళ మాట దాటితే రేపు నా శవం దగ్గరికి కూడా ఒక్కరు రారు."

"మా చీటీలో ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచేవాళ్ళున్నారు," అంది డారెట్. "మాకు ఇంగ్లీషు వచ్చి ఒరిగింది అదే. మీరు సియోల్ నుంచి తెచ్చుకుని ఇక్కడ ఆశ్రమంలో పెట్టిన మీ అమ్మని కూడా మావాళ్ళే తుడుస్తున్నారు. వాళ్ళు ఇవ్వగలిగింది డబ్బొక్కటే, ఇచ్చేశారు. అది మీరు పుచ్చుకున్నారు."

తొట్టెలో పిల్లాడు కదిలాడు. మిసెస్ మిన్ లేచి వెళ్ళి, వాణ్ణి జోకొట్టి, అటు తిరిగే నిలబడి చెప్పింది. "మా ఆడపడుచు కొడుకు టేసిక్ ఉన్నాడు. లాండ్రీ పోయి ఖాళీగా ఉన్నాడు. వాడు ఓనరులా కౌంటరులో కూర్చుంటే, వాడి పేరు మీద సరుకొస్తుంది. జీతం ఇవ్వు చాలు. నీ పేరు బోర్డు మాత్రం తీసెయ్యాలి."

డారెట్ పండు ముట్టకుండా లేచింది. వాళ్ళ ఇళ్ళల్లో అదెంత తప్పో ఆవిడకు తెలుసు, తెలిసే చేసింది. కోపమంటే కోపం కాదు, ఒళ్ళంతా మండిపోతోంది. తిరుగు బస్సులో షాపు మూసేద్దామనుకుంది, కోర్టుకి వెళ్దామనుకుంది, గిడ్డంగి ముందు కూర్చుందామనుకుంది. ఏది అనుకున్నా మధ్యలో కప్పులేని ఐసిల్డా ఇల్లు అడ్డం వచ్చింది. తమ పేట ఫ్లాట్‌బుష్‌లో బస్సు దిగే వేళకి, ఆ బోర్డు దించడానికి ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తోంది.

టేసిక్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. డారెట్ కుర్చీలో కూర్చోవడానికి మొదటి రోజంతా సిగ్గుపడి నిలబడే ఉన్నాడు. ఆవిణ్ణి మేడమ్ అనేవాడు. అతను వచ్చిన వారంలోనే పెట్టెల మీద పెట్టెలు దిగాయి. మునుపు సరుకు ఇవ్వం పొమ్మన్నవాళ్ళే అరువు కూడా ఇచ్చారు. షాపు కళకళలాడింది. ఈ టేసిక్ ఎవరని చీటీ వాళ్ళు అడిగితే, సరుకు పని చూసుకునే మనిషి అని డారెట్ చెప్పింది. అది అబద్ధమేమీ కాదు. బోర్డు సంగతి అడిగితే గాలికి ఊడిందని చెప్పింది. అది అబద్ధమే.

ఒక శనివారం మధ్యాహ్నం ఐసిల్డా తన చర్చి ఆడవాళ్ళను నలుగుర్ని వెంటపెట్టుకుని వచ్చింది. మంచి టోపీలు పెట్టుకుని వచ్చారు. "ఇదిగో, మా డారెట్ షాపు," అని గుమ్మంలో నిలబడి చేతులు తిప్పి చూపిస్తోంది. "ఈ అరలన్నీ, ఈ సరుకంతా, మా చీటీ డబ్బే. నా వంతే ముందు ఇచ్చాను, అడగండి దాన్ని." డారెట్ కౌంటరు పక్కన నిలబడి, సంతోషమో సంకటమో తెలియని మొహంతో నవ్వుతోంది.

వాళ్ళ వెనకాలే కోటు వేసుకున్న కుర్రమేనేజరు లోపలికొచ్చాడు. గిడ్డంగిలో తియ్యటి నీళ్ళ సీసా ఇచ్చిన మనిషే. కొత్త ఖాతాలను ఒకసారి కళ్ళతో చూసి పోవడం వాళ్ళ అలవాటట. అతను ముందు టేసిక్ వైపు చూశాడు, తరువాత డారెట్ వైపు. గుర్తుపట్టాడు. టేసిక్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

డారెట్ ఆలోచించలేదు, ఆలోచిస్తే చేయగలిగేది కాదు. మూలనున్న చీపురు అందుకుని, "ఇక్కడ ఊడ్చెయ్యమంటారా బాస్?" అంది టేసిక్‌తో.

చర్చి ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేనేజరు ఇంకా డారెట్‌నే చూస్తున్నాడు. ఐసిల్డా డారెట్‌ని చూసింది, కోటు మనిషిని చూసింది, కుర్చీలో కూర్చున్న టేసిక్‌ని చూసింది. ఆవిడకు ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఏమ్మాయ్, వినపడటం లేదా?" అంది ఐసిల్డా, షాపంతా మోగేట్టు. "ఎంతసేపట్నుంచి అడుగుతున్నాను, ఆ పై అరలోది దించమని. ఓనరు గారు చూస్తున్నారు, కాస్త ఒళ్ళొంచి పనిచెయ్యి."

"అలాగేనండీ," అంది డారెట్.

నిచ్చెన వేసుకుని ఎక్కి, జుట్టు పొట్లం దించి ఇచ్చింది. ఐసిల్డా అందుకునేటప్పుడు మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. డబ్బు టేసిక్ చేతిలో పెట్టి, చిల్లర ఆగి తీసుకుని, తనవాళ్ళను తోలుకుని బయటికి నడిచింది. డారెట్ వైపు మళ్ళీ చూడలేదు. ఆ నలుగురిలో ఒకామె మాత్రం గుమ్మంలో, "మరి షాపు ఈవిడదన్నావు?" అని అడగడం వినపడింది. ఐసిల్డా ఏం చెప్పిందో వినపడలేదు.

మేనేజరు నవ్వి, టేసిక్ భుజం తట్టి, తన భాషలో ఏదో అని వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడు?" అంది డారెట్.

టేసిక్ నేల చూశాడు. "వద్దులెండి."

"చెప్పు."

"షాపు కొనుక్కున్నా పాత మనిషిని పనిలో ఉంచుకుని మంచిపని చేశావన్నాడు. నల్లవాళ్ళు నల్లవాళ్ళని చూస్తే లోపలికొస్తారు, జీతం మాత్రం పెంచకు అన్నాడు."

శనివారం, జీతాల రోజు. డారెట్ గల్లాపెట్టె తెరిచి, అతని వారం జీతం తీసి ఇచ్చింది. టేసిక్ లేచి నిలబడి, రెండు చేతులా అందుకుని, నడుము వంచి, "థాంక్యూ మేడమ్," అన్నాడు.

"మేడమ్ అనకు," అంది డారెట్. "అలవాటైపోతే ఎవరన్నా ఉన్నప్పుడు నోరు జారతావు."